సంచిలో చోటు తక్కువ... ఏ పుస్తకం పెట్టాలి?

వేసవి సెలవులు వచ్చాయంటే గుంటూరు జిల్లా పల్లెల్లో ప్రయాణాల హడావుడి మొదలవుతుంది. మినుము ఇల్లు చేరి, పసుపు ఉడకబెట్టడం, ఆరబెట్టడం ముగిసి, రైతు ఇంట కాస్త తీరిక చిక్కే రోజులివి. ఆడపడుచులు పిల్లలను వెంటబెట్టుకుని పుట్టింటికి వస్తారు. హాస్టళ్లలో ఉన్న పిల్లలు ఇళ్లకు చేరతారు. మొక్కులున్నవాళ్లు తిరుపతికో, శ్రీశైలానికో బయలుదేరతారు. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గర నెలరోజులు ఉండి రావడానికి తల్లిదండ్రులు సంచులు సర్దుకుంటారు.

ఆ సంచుల్లో కొత్త ఆవకాయకు చోటుంటుంది. సున్నుండలకు, కందిపొడికి చోటుంటుంది. మనవడి క్రికెట్ బ్యాటుకు కూడా ఎలాగో చోటు చేస్తారు. పుస్తకం మాత్రం బస్సు వేళ దగ్గరపడ్డాక గుర్తుకొస్తుంది. అప్పుడు చేతికి అందినది తీసి సంచిలో పడేస్తారు. తిరిగి ఇంటికి వచ్చి సంచి విప్పితే, ఆ పుస్తకం పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

దీనికి బద్ధకమే కారణమని అనుకోవడం పొరపాటు. చాలాసార్లు లోపం ఎంపికలో ఉంటుంది. పుస్తకం మంచిదే అయినా, వెళ్లే చోటుకు, ఉండే రోజులకు, అక్కడి మనుషులకు అది నప్పదు. ఈ సంగతి సుమారు తొంభై ఏళ్ల క్రితం మన కాలువల మీద పుస్తకాలు తిప్పినవారి అనుభవంలో ఉన్నదే.

పడవలో గ్రంథాలయం

దుగ్గిరాల ప్రాంతంలోని పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు సేవాశ్రమం నెలకొల్పి గ్రంథాలయ ఉద్యమానికి జీవితం ధారపోశారు. 1935లో ఆయన పడవ గ్రంథాలయాన్ని ప్రారంభించారు. కొల్లూరు వైపు సాగే కృష్ణా కాలువ మీద అది నడిచింది. ఆ కొల్లూరు 2022లో జిల్లాల విభజన తరువాత బాపట్ల జిల్లాలో చేరింది. పడవ ప్రయాణికులకు, కాలువ గట్టు గ్రామాల వారికి పుస్తకాలు అందించడం ఆ గ్రంథాలయం పని.

ఆనాటి ప్రయాణం గురించి పెద్దల నోట విన్నవారికి ఇది ఎంత తెలివైన ఆలోచనో తెలుస్తుంది. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా కాలువలు పొలాలకు నీరివ్వడమే గాక రాకపోకలకు బాటలు కూడా అయ్యాయి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులు గట్టు వెంట నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. లాకు వచ్చినప్పుడల్లా నీటిమట్టం సమానమయ్యేదాకా ఆగాలి. ఇప్పుడు బస్సులో గంటలో వెళ్లే దూరానికి ఆనాడు చాలా పొద్దు పట్టేది. వంట సామాను, పిల్లాపాపలతో సహా పడవలో కూర్చున్నవారికి కబుర్లు అయిపోయాక చేయడానికి పనేమీ ఉండదు. అలాంటి వేళ చేతికి ఒక పుస్తకం అందితే కాదనేవారెవరు?

అయితే పడవలో బీరువాలకు బీరువాలు పట్టవు. ఉన్న కొద్ది చోటులో రైతుకు, ఇల్లాలికి, బడిపిల్లవాడికి, పద్యాలు ఇష్టపడే ముసలాయనకు కూడా ఏదో ఒకటి ఉండాలి. ఒక రేవులో ఇచ్చిన పుస్తకం మళ్లీ ఆ రేవుకు వచ్చేసరికి చదవడం పూర్తి కావాలి. మరీ లావు పుస్తకమైతే గడువులో తిరిగి రాదు. మరీ కఠినమైనదైతే విప్పకుండానే తిరిగి వస్తుంది. ఇటువంటి చోట పుస్తకాలు ఎంచేవారికి పుస్తకాల కంటే ముందు రేవులో నిలబడిన మనుషులు తెలిసి ఉండాలి.

ఈ రోజు సెలవులకు సంచి సర్దుకునే ఇల్లాలి పని కూడా అచ్చంగా ఇదే. చోటు కొంచెం. మనుషులు నలుగురు. రోజులు లెక్కపెట్టినట్టు ఉంటాయి. కాబట్టి సంచిలో ఏ పుస్తకం పెట్టాలన్న ప్రశ్నకు జవాబు వెళ్లే ఇంట్లో ఎవరెవరు ఉన్నారన్న దానిలోనే దొరుకుతుంది.

రైలు పెట్టెలో కొవ్వలి

కాలువ పడవల కాలం పోయి రైళ్లు, బస్సులు వచ్చాక ప్రయాణపు చదువు కూడా మారింది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు (1912-75) పేరు పాతతరం వారికి సుపరిచితం. వెయ్యి నవలలు రాసిన రచయితగా ఆయనకు పేరు. ఆయన చిన్న నవలలు రైల్వే స్టేషన్లలో, రైలు పెట్టెల్లో విరివిగా అమ్ముడుపోయేవి. వెల తక్కువ. బరువు తక్కువ. మాటలు తేలిక. ఎక్కిన స్టేషన్లో మొదలుపెడితే దిగే స్టేషన్‌లోగా కథ అయిపోయేది. వాటిని పండితులు పెద్దగా మెచ్చుకోలేదు. కానీ అంతకుముందు పుస్తకం పట్టని ఎందరో స్త్రీలకు చదివే అలవాటు చేసిన ఘనత వాటిదే.

తరువాతి రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు ప్రయాణికుల చేతుల్లో కనిపించాయి. వారపత్రికల సీరియళ్ల జోరు పెరిగాక యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన నవలలు, ఆ వెనుక యండమూరి వీరేంద్రనాథ్ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారాయి. సెలవులకు పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల తమ్ముణ్ణి సైకిలు మీద పట్నం పంపి నాలుగు నవలలు అద్దెకు తెప్పించుకోవడం అప్పట్లో మామూలే. రోజు అద్దె పెరుగుతుందని వదినా మరదళ్లు వంతులు వేసుకుని, లాంతరు వెలుతురులో కూడా చదివి ముగించేవారు.

అంత ఖర్చు పెట్టలేని ఇళ్లలో మరో పద్ధతి ఉండేది. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలను వారం వారం చింపి దాచేవారు. కథ పూర్తయ్యాక వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసేవారు. ఆ కుట్టుడు పుస్తకం అక్క ఇంటి నుంచి చెల్లెలి ఇంటికి, అక్కడి నుంచి పిన్ని ఇంటికి సెలవుల్లోనే ప్రయాణం చేసేది. ఇప్పటికీ కొన్ని ఇళ్లలో అటక మీద వెదికితే ఇవి దొరుకుతాయి. ఈసారి ప్రయాణానికి కొత్త పుస్తకం కొనే వీలు లేనివారు మొదట చూడవలసిన చోటు అటకే.

ఒకరు చదివితే పదిమంది వినాలి

పట్నవాసానికి, పల్లెకు చదువు విషయంలో ఒక తేడా ఉంది. పట్నంలో ఎవరి పుస్తకం వారిది. పల్లెలో మొదటి నుంచి ఒకరు చదివితే పదిమంది వినే పద్ధతి ఉంది. వానలు పడకపోతే విరాటపర్వం చదివించుకోవడం పాత ఆచారం. రామాయణ, భారత కాలక్షేపాలకు అక్షరం రానివారు కూడా వచ్చి కూర్చుని, కథలో ఎక్కడ ఏముందో పొల్లు పోకుండా చెప్పగలిగేవారు. పత్రిక వచ్చినా రచ్చబండ మీద ఒకరు పైకి చదివితే మిగతావారు వినేవారు.

సెలవుల పుస్తకానికి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. అమ్మమ్మకు చదువు రాకపోవచ్చు. తాతయ్యకు శుక్లాల ఆపరేషన్ అయి చిన్న అక్షరాలు ఆనకపోవచ్చు. ఆరో తరగతి మనవరాలు పక్కన కూర్చుని రోజుకు ఒక కథ చదివితే ముగ్గురికీ లాభం. పెద్దవాళ్లకు కాలక్షేపం. పిల్లకు గొంతు విప్పి, తడబడకుండా చదివే అలవాటు. పాఠం అప్పజెప్పడం వేరు, కథను ఎదుటివారికి అర్థమయ్యేలా చదవడం వేరు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గొంతు పెంచాలి అన్నది వినేవారి ముఖం చూస్తేనే తెలుస్తుంది. అమ్మమ్మ మధ్యలో ఆపి, ఆ మాటకు అర్థం తానే చెబుతుంది. పాఠ్యపుస్తకంలో లేని మాటలు పిల్లలకు పడేది ఇలాగే.

కాబట్టి పైకి చదవడానికి పనికొచ్చే పుస్తకం ఒక్కటైనా సంచిలో ఉండాలి. ఎంచడం ఎలా అంటే, కొనే ముందు లేదా గ్రంథాలయంలో తీసుకునే ముందు నడిమి పేజీ ఒకటి తెరిచి రెండు పేరాలు మెల్లగా పైకి చదివి చూడాలి. నోటికి సాఫీగా వస్తే తీసుకోవచ్చు. వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతే అది ఒంటరిగా చదువుకునే పుస్తకం. దాని వేళ దానికి వేరే ఉంది.

రోజులు లెక్కపెట్టి...

పెళ్లికి వెళ్లి మూడు రోజుల్లో తిరిగి వచ్చేవారు ఆరువందల పేజీల నవల మోసుకెళ్లడం వృథా. పెళ్లింట చదివే తీరిక ఉండదు. బస్సులో, బస్టాండులో దొరికే గంట, అరగంటే లెక్క. అటువంటప్పుడు మూడు నాలుగు పేజీల్లో ముగిసే కథల పుస్తకం మేలు. బస్సు వచ్చి మధ్యలో లేవవలసి వచ్చినా నష్టం లేదు.

పుట్టింట నెలరోజులు ఉండేవారి సంగతి వేరు. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా గడప దాటలేని రోజులు కనుక పెద్ద నవలకు అదే మంచి అదను. ఏడాది పొడవునా పొలం పనుల్లో, ఇంటి పనుల్లో పది పేజీలు దాటని పుస్తకం ఈ నెలలో ముగింపుకు చేరుతుంది. అయితే పెద్ద పుస్తకం ఒకటి చాలు. మూడు తీసుకెళ్తే ఒకటీ పూర్తి కాదు.

తీర్థయాత్రకు వెళ్లేవారికి చదివే తీరిక క్యూలోనూ, సత్రం వరండాలోనూ దొరుకుతుంది. నిలబడి చదవాలంటే పుస్తకం ఒక చేతిలో ఇమడాలి. లావు గ్రంథం ఇంటి దగ్గరే ఉంచడం మంచిది. యాత్ర మీద ఆసక్తి ఉన్నవారు బయలుదేరే ముందు ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’ ఇంటి దగ్గరే కొంత చదివి వెళ్లవచ్చు. రైలు మాట లేని 1830లో ఆయన చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయలుదేరి 1831లో తిరిగి వచ్చారు. దారిలో చూసిన ఊళ్లు, సత్రాలు, ధరలు, ఆచారాలు రాసిపెట్టారు. 1838లో అచ్చయిన ఆ పుస్తకం తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా పేరుపొందింది. భాష పాతదే అయినా, ఆనాటి ప్రయాణపు కష్టం చదివినవారికి నేటి బస్సు ఆలస్యం అంత కష్టమనిపించదు.

నవ్వుకోవడానికి ప్రయాణపు పుస్తకం కావాలంటే మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టరు పార్వతీశం’ ఉంది. మొదటి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు కుర్రవాడు ఊరు దాటి, సముద్రం దాటి సీమకు వెళ్లడమే కథ. ఇంటిల్లిపాదికీ పైకి చదివి వినిపించడానికి ఇంతకు మించిన పుస్తకాలు తక్కువ.

మన ప్రాంతం పుస్తకాలు

ఊరు దాటి వెళ్లేవారు సొంత ప్రాంతం పుస్తకం ఒకటి వెంట తీసుకెళ్లడం మంచి పద్ధతి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనవడికి తాతగారి ప్రాంతం గురించి చెప్పడానికి అదొక ఆధారం. ఈ విషయంలో పాత గుంటూరు జిల్లాకు కొరత లేదు.

శంకరమంచి సత్యం గారి ‘అమరావతి కథలు’ వంద చిన్న కథల సంపుటి. కృష్ణ ఒడ్డు, గుడి, రేవు, అక్కడి మామూలు మనుషులు ఇందులో ఉన్నారు. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. దూరదర్శన్‌లో హిందీ ధారావాహికగా కూడా వచ్చింది. ఒక్కో కథ కొద్ది పేజీలే గనుక రాత్రి భోజనాలయ్యాక రోజుకొకటి చదివినా నెల ఇట్టే గడుస్తుంది. ఇల్లంతా కలిసి వినడానికి మొదట ఎంచదగినది ఇదే.

పద్యం ఇష్టపడేవారికి వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా గారి ‘గబ్బిలం’ ఉంది. 1941లో వెలువడిన చిన్న పుస్తకం. అంటరానితనం బాధ అనుభవిస్తున్న పేదవాడు తన గోడును గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి కబురు పంపుతాడు. గబ్బిలం వెళ్లే దారిలో ఊళ్లు, నదులు కనిపిస్తాయి. సంచిలో వేసుకున్నా బరువు తెలియదు. రాగయుక్తంగా పద్యం పాడే పెద్దలు ఇంట్లో ఉంటే దీనికి మించిన సాయంత్రం ఉండదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ జైలులో రాసిన నవల. పల్నాడు పుల్లరి సత్యాగ్రహం రోజుల్లో ఆయన జైలుకు వెళ్లారు. ప్రభుత్వం ఆ నవలను కొంతకాలం నిషేధించింది కూడా. పల్లెలో కూలీ, రైతు, కులం సంగతులు తెలుసుకోదలచినవారు చదవవలసిన పుస్తకం. కానీ ఇది పెద్దది. నెలరోజుల మకాం ఉన్నవారికే సరిపోతుంది.

తెనాలి పేరు చెప్పకుండా ఈ జాబితా పూర్తి కాదు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1909లో తెనాలిలో పుట్టారు. ఆయన ‘చదువు’ నవల బడి ఈడు కొడుకులున్న తండ్రులు తీరికగా చదవదగినది. ‘శారద’ పేరుతో రాసిన నటరాజన్ తమిళుడు. చిన్నతనంలో తెనాలి వచ్చి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’, ‘ఏది సత్యం’ నవలలు రాశారు. 1955లో చిన్న వయసులోనే కన్నుమూశారు. పేదరికం వల్ల చదువు సాగలేదని దిగులు పడే యువకుడి సంచిలో శారద నవల ఒకటి పెట్టడం మంచిది.

పిల్లల సంగతి

సెలవుల సంచి దగ్గర ఇంట్లో గొడవ వచ్చేది పిల్లల విషయంలోనే. వచ్చే ఏడు పదో తరగతి అనో, ఇంటర్ అనో తండ్రి గైడ్లు పెట్టమంటాడు. పిల్లవాడు ఫోను పెట్టుకుంటే చాలంటాడు. తల్లి మధ్యలో నలుగుతుంది. చివరికి గైడ్లు సంచి అడుగున ఉండిపోతాయి. ఫోను చేతిలో ఉంటుంది.

పరీక్షల భయం తీసిపారేయదగినది కాదు. సీటు రాకపోతే ఫీజుల భారం ఎంతో రైతు కుటుంబాలకు తెలుసు. అలాగని పది నెలలు పొద్దున లేచింది మొదలు పాఠాలే చదివిన పిల్లలకు సెలవుల్లోనూ అవే ఇస్తే పుస్తకమంటేనే మొహం మొత్తుతుంది. గైడు ఒకటి ఉండాలనుకుంటే ఉండనివ్వాలి. దానితోపాటు పిల్లలు తాము ఎంచుకున్న పుస్తకం ఒకటి తప్పక ఉండాలి. ఇక్కడ ‘తాము’ అన్న మాట ముఖ్యం. పెద్దలు పిల్లలను గ్రంథాలయానికి వెంటబెట్టుకు వెళ్లి, వాళ్లనే తీసుకోమనాలి. బొమ్మ చూసి తీసుకున్నా సరే. తాను ఎంచుకున్నది కనుక ఒకసారైనా తెరిచి చూస్తారు.

చదవడం ఇంకా కూడబలుక్కునే పిల్లలకు అక్షరాలు పెద్దవిగా, బొమ్మలు ఎక్కువగా ఉండే పుస్తకాలు ఇవ్వాలి. తెనాలి రామకృష్ణుని కథలు, పరమానందయ్య శిష్యుల కథలు, పంచతంత్రం ఎప్పటికీ పాతబడవు. ముళ్లపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’ బాపు బొమ్మలతో సహా పిల్లలనూ పెద్దలనూ ఒకేసారి నవ్విస్తుంది. రైలు పెట్టెల్లో నడిచిన ఒక జపాన్ బడి కథ ‘రైలుబడి’ పేరుతో తెలుగులో దొరుకుతుంది. బడి అంటే విసుగుపడే పిల్లలకు అది బాగా నచ్చుతుంది.

1947లో మొదలైన ‘చందమామ’కు తెనాలితో దగ్గర సంబంధం ఉంది. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి గారు తెనాలి ఐతానగర్ వారు. కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో మరణించేవరకు అందులోనే పనిచేశారు. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. కానీ పాత సంచికలు కొన్ని ఇళ్లలో బైండు చేసి భద్రంగా ఉన్నాయి. 1970, 80ల్లో విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు చవకగా కొన్న రష్యా బొమ్మల పుస్తకాలు కూడా అలాగే దాచినవారున్నారు. తాము చిన్నప్పుడు చదివిన ప్రతినే పిల్లల చేతికి ఇవ్వగలగడం చిన్న సంగతి కాదు.

ఫోనులో చదువుకోవచ్చు గదా అనే ప్రశ్న న్యాయమైనదే. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే చాలా దొరుకుతున్నాయి. బజారులో దొరకని పుస్తకానికి అదే దిక్కు. అక్షరాలు పెద్దవి చేసుకునే సౌకర్యం కూడా ఉంది. అయితే ఇంట్లో ఫోను ఒకటే అయితే నలుగురూ దానికోసమే చూస్తారు. కథ మంచి పట్టులో ఉండగా ఫోను మోగుతుంది. పక్కనే వీడియోలు పిలుస్తుంటాయి. పెద్దలకు ఫోనులో, పిల్లలకు కాగితం మీద అన్నది ఇళ్లలో అమలు చేయగలిగిన పద్ధతి.

డబ్బు ముందే కట్టారు

అద్దె పుస్తకాల షాపులు చాలావరకు మూతపడ్డాయి. కొత్త పుస్తకాల ధరలు కూలి చేసుకునేవారికి అందుబాటులో లేవు. మిగిలిన దారి గ్రంథాలయం. ఇక్కడ గ్రామస్థులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలవుతోంది. రూపాయికి 8 పైసలు. ఇంటిపన్ను వెయ్యి రూపాయలు కట్టేవారు గ్రంథాలయానికి 80 రూపాయలు కట్టినట్టే. రసీదు తీసి చూస్తే కనిపిస్తుంది. ఆ డబ్బుతోనే పుస్తకాలు, పత్రికలు కొంటారు. కాబట్టి శాఖా గ్రంథాలయంలోని పుస్తకం అడగడం ఎవరి దయనూ కోరడం కాదు. కట్టిన డబ్బుకు సరుకు తీసుకోవడమే.

వసూలైన పన్ను పంచాయతీల నుంచి, మునిసిపాలిటీల నుంచి సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరడం లేదన్న ఫిర్యాదు చాలాకాలంగా ఉంది. సిబ్బంది ఖాళీల సమస్య కూడా పాతదే. ఇటువంటి పరిస్థితిలో రిజిస్టరు ఖాళీగా ఉంటే, చదివేవారే లేరన్న మాట సులభంగా వస్తుంది. సెలవుల్లో ఊరి నుంచి పాతిక మంది పుస్తకాలు తీసుకుని సంతకాలు పెడితే ఆ మాటకు రిజిస్టరే జవాబు చెబుతుంది. కొత్త పుస్తకాలు అడగడానికి, ఖాళీ పోస్టు నింపమని కోరడానికి కూడా ఆ సంతకాలు పనికొస్తాయి.

ఇటీవలి సంవత్సరాల్లో శాఖా గ్రంథాలయాల్లో పిల్లలకు వేసవి శిబిరాలు నడుపుతున్నారు. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు వేయించడం వంటివి ఉంటాయి. సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చిన పిల్లలను కూడా పంపి అడగవచ్చు.

తీసుకునే ముందు...

కొద్దిపాటి డిపాజిట్ కట్టి సభ్యులుగా చేరితే పుస్తకాలు ఇంటికి ఇస్తారు. ఎన్ని ఇస్తారు, గడువు ఎన్ని రోజులు అన్నది ముందుగా అడిగి తెలుసుకోవాలి. గడువు దాటి ఊళ్లో ఉండేవారు ఆ సంగతి గ్రంథాలయాధికారికి చెప్పి, పొడిగించే వీలుందేమో కనుక్కోవాలి. తీసుకునేటప్పుడే చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోవడం మంచిది. డిటెక్టివ్ నవల చివరి పేజీ లేదని అత్తగారి ఊళ్లో తెలిస్తే చేయగలిగేది ఏమీ లేదు.

పుస్తకాన్ని పచ్చడి జాడీ ఉన్న సంచిలో పెట్టకూడదు. నూనె మరక పోదు. పాలిథిన్ కవరులో చుట్టి బట్టల మధ్య పెడితే వానకు తడవదు. మామిడిపండు తిన్న చేత్తో పేజీ తిప్పవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. పేజీ మడవకుండా కాగితం ముక్క పెట్టుకోవాలి. అటక మీది పుస్తకాల్లో ఎండు వేపాకు వేయడం పెద్దల నాటి అలవాటు. పురుగు పట్టకుండా అది ఇప్పటికీ పనికొస్తుంది.

మొత్తం మీద నలుగురున్న కుటుంబం నెల మకాంకు వెళ్లేటప్పుడు మూడు పుస్తకాలు చాలు. ఇంటిల్లిపాదికీ పైకి చదివే కథల పుస్తకం ఒకటి. పిల్లలు స్వయంగా ఎంచుకున్నది ఒకటి. పెద్దవాళ్లు మధ్యాహ్నాలు తీరికగా చదివే నవల ఒకటి. మూడూ కలిపి బరువు కిలోకు అటూ ఇటూ ఉంటుంది. సొంత పుస్తకమైతే వచ్చేటప్పుడు చుట్టాల ఇంట్లో వదిలి, వారి దగ్గర ఉన్నది తెచ్చుకోవచ్చు. గ్రంథాలయం పుస్తకమైతే మాత్రం తిరిగి తేవాలి. దానికోసం ఊళ్లో మరొకరు ఎదురుచూస్తుంటారు. బడులు జూన్‌లో తెరుస్తారు. ఆ లోపు ఒక్క సాయంత్రం శాఖా గ్రంథాలయానికి వెళ్లి రావడానికి తీరిక చేసుకోలేనివారు ఉండరు.